అవ్వ బొట్టూ, మా అలారం డబ్బా

ఆ రోజుల్లో, అంటే చేతిలో ఇంజనీరింగు పట్టా, జేబులో టెస్టరూ ఉంటే లోకమంతా నా స్విచ్చి కిందే ఉందనుకునే రోజుల్లో, కోయంబత్తూరు పక్కన తుడియలూరులో మా మామ వర్క్‌షాపులో పనికి చేరాను. మామ నీళ్ళ పంపులు చేసేవాడు. మేడమీద ట్యాంకు నిండగానే కుయ్యిమని కూసే, సబ్బుపెట్టెంత అలారం డబ్బా చేద్దామని నేనే ఆయన బుర్ర తిన్నాను. తిరుమంగళంలో మా నాయనకి మళిగె కొట్టుంది (మళిగె అంటే కిరాణా, ఎన్నో తరాలుగా తమిళం పక్కింట్లో కాపురమున్న తెలుగు మాది, గిన్నెలతోపాటు మాటలూ మారిపోయాయి). ఆయన ఒకటే చెప్పి పంపాడు: "ఆ డబ్బా పాసయితే ఆడనే ఉండు. లేదంటే వచ్చి కొట్లో కూచో. అంతే, వేరే మాటా పేచ్చూ లేదు." కొట్లో కూర్చోవడమంటే పొద్దస్తమానం చింతపండు తూచడం. చింతపండంటే నాకు పులుసులో తప్ప ఎక్కడా ప్రేమ లేదు.

పాసవడమంటే మరేం లేదు. గోడ ప్లగ్గులో పెట్టే అలాంటి డబ్బాకి ల్యాబులో భద్రతా పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, అది లేనిదే అమ్మకూడదు. మొదటిసారి డబ్బాలు ల్యాబుకి పంపాం. ఫెయిలు. కరెంటు పైకి లీకవుతోందట! వర్క్‌షాపులో మిగిలిన డబ్బాలన్నీ విప్పి చూశాను, ఒక్కదానికీ రోగం లేదు. మామ తల పట్టుకున్నాడు. మామని కన్నతల్లి, నాకు అవ్వ, మాత్రం క్షణంలో తేల్చేసింది. "దిష్టిరా కన్నూ! ఊరి కళ్ళంతా దాని మీదే ఉండాది. ఈసారి నేను బాగా చేసి పంపిస్తా, నువ్వు ఊరికే ఉండు."

ఆమె "బాగా చేయడం" ఏమిటో నేను పట్టించుకోలేదు. ఆ వర్క్‌షాపు గడప దాటే ప్రతి పంపుకీ అవ్వ పసుపునీళ్ళు చల్లి, చందనం అద్ది, కుంకుమ పెట్టి పంపడం మామూలే. పంపు కదా, బిందెడు నీళ్ళు పోసినా తుమ్మదు. కాబట్టి రెండోసారి డబ్బాలు సంచిలో పెట్టుకుని, ధీమాగా నేనే బస్సెక్కాను.

ల్యాబులో మేడం మా డబ్బాకి మామూలుకన్నా చాలా ఎక్కువ వోల్టేజీ పెట్టింది. టప్ మంది. సన్నగా పొగ లేచింది. గదంతా మారియమ్మ గుడి వాసన! మేడం కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"తంబీ, లోపల ఏం పెట్టారు?" అంది తమిళంలో.

"కెపాసిటర్లు, మేడం."

"కెపాసిటర్ కాలితే చందనం వాసన వస్తుందా?"

విప్పి చూస్తే, వేడి పోవడానికని నేను ముచ్చటపడి డబ్బా నెత్తిన పెట్టిన చీలికల్లోంచి దిగిన తడి చందనం, కుంకుమ, విభూతి, వాటి మధ్య పవిత్రంగా ఒక తులసాకు. మొదటిసారి కరెంటు లీకైందీ ఇందుకేనన్నమాట. చూడ్డానికి పక్క గదుల్లోవాళ్ళు కూడా వచ్చారు. ఒకాయన చెప్పులు విడిచి మరీ వచ్చాడు.

ఈ సంగతి అవ్వకి ఎవరు చెప్పాలి? "నువ్వే చెప్పురా, నాకు బీపీ ఉండాది" అని మామ లేత్ మిషన్ వెనక్కి వెళ్ళిపోయాడు. నేను చెప్పాను. అవ్వ కాఫీ లోటా కింద పెట్టేసింది.

"నా బొట్టుకే చచ్చిందంటావా? ఆయుధపూజకి కొన్నోళ్ళు మాత్రం బొట్టు పెట్టరా? టీవీకి పెడతారు, మిక్సీకి పెడతారు, నీ డబ్బాని మాత్రం వదిలేస్తారా? నేను మానను పో!"

మానలేదు. కాఫీ మాత్రం మానేసింది. కాఫీ మానేసిన అవ్వతో ఒకే ఇంట్లో ఉండటం కన్నా డబ్బా మార్చడమే తేలిక. నెత్తిమీది చీలికలు మూసేసి, అడుగువైపు పెట్టాం. దాన్ని నేను ఇంజనీరింగు అన్నాను, మామ భయం అన్నాడు.

మూడోసారి డబ్బా నుదుట రూపాయిబిళ్ళంత బొట్టు. మేడం తుడవబోతే నేనే వద్దన్నాను. ఆమె నవ్వి, వోల్టేజీ పెంచుకుంటూ పోయింది. నా కళ్ళ ముందు చింతపండు బస్తాలు కదిలాయి. టప్ మనలేదు. "పాస్, తంబీ" అంది. ఆ మాటకి మేడం కాళ్ళకి దండం పెట్టబోయి బల్లకి తల కొట్టుకున్నాను.

బయటికి రాగానే నాయనకి ఫోన్ చేశాను. "నాయనా, పాసయింది! నేనింక కొట్టుకి రాను!" అని వీధంతా వినబడేలా అరిచాను.

"సరిరా, సంతోషం," అన్నాడు నాయన. "నీకోసరమని గల్లా పక్కన మెత్త కుర్చీ ఒకటి కొనిపెట్టినా. పోనీలే, దాని మీద నీ డబ్బాలు పెట్టి అమ్ముతా."

ఆ పూట పగలబడి నవ్వాను. ఇప్పటికీ ఏదో ఒక డబ్బా పట్టుకుని ల్యాబుల చుట్టూ తిరగడమే నా ఉద్యోగం. ఫలితం కోసం వరండాలో ఇనుప బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, నడుము పట్టేసినప్పుడు మాత్రం, నేను ఒక్కనాడూ కూర్చోని ఆ మెత్త కుర్చీ గుర్తొస్తుంది. నాయన ఎంత వెతికి కొన్నాడో పాపం, అనుకుని, నవ్వుకుంటూ కాస్త అటు జరిగి కూర్చుంటాను.