కింద పెట్టిన కత్తి

మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండు. తొంభైల్లో ఒక జనవరి. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఇంకో రెండు మెట్లెక్కితే దేవుడి వంటింటి పొగ కనిపించేది. ఒంటి మీద ఏడు పొరలు. నడిచే పరుపులా ఉన్నాను. నడుముకు హిందూపురంలో కొన్న మడత కత్తి. అందులో రంపం, కత్తెర, సీసా మూత తీసేది, పేరు తెలియనివి ఇంకో ఆరు. దాంతో ఒక చిన్న పెళ్లి జరిపించవచ్చు.

ట్రంకు అడుగున ఇంకో కత్తి ఉంది. పెనుకొండ దగ్గర గొర్రెలు మేపే మా నాయన, పాత లారీ కమాను పట్టా ఇచ్చి కమ్మరితో కొట్టించింది. జానెడు పొడవు, నలుపు, పిడికి మేకతోలు. బయలుదేరే రోజు దాన్ని నా ముందు నేలమీద పెట్టాడు. మా ఊళ్లో కత్తి చేతికి అందివ్వరు. అందిస్తే ఇద్దరికీ చెడుతుందంటారు. కింద పెడతారు, అవతలివాడు తీసుకోవాలి.

"బయట పండుకునేవానికి కీలుండే కత్తి పనికిరాదురా. ఈడ చూడు, కొన నుంచి పిడి చివరిదాకా ఒగటే ఇనుము."

"మిలిటరీకి పోతాండా నాయనా, గొర్రెల మందకు కాదు."

నేను వంగలేదు. మా అవ్వ తీసి ట్రంకులో పెట్టింది.

తొమ్మిదో రోజు ఉదయం ఆరూ పదికి మంచు జారి రేడియో ఆపరేటర్ గుడారం మీద పడింది. మలయాళీ. లోపలినుంచే వాకీటాకీలో పలికాడు.

"గుడారం పడుకుంది. నేనూ పడుకున్నా. కొంచెం లేపండి. ఓవర్."

పారలతో మంచు తోశాం. కింద గుడ్డ గడ్డకట్టి రేకులా బిగుసుకుంది. "కోసెయ్" అన్నాడు హవల్దారు. మడత కత్తి తీశాను. కీలు నిండా మంచు. వేళ్లతో లాగాను, పళ్లతో లాగాను. సీసా మూత తీసేది ఒక్కటి బయటికొచ్చింది.

"ఊపిరి ఆడటం లేదు. ఓవర్." ఈసారి గొంతు సన్నగా ఉంది.

ట్రంకు దగ్గరికి పరిగెత్తాను. ఆ ఎత్తులో నా పరుగును ముసలి తాబేలైనా దాటేది. నాయన కత్తి ఒక్క పోటుకు దిగింది. మేకతోలు పిడి చేతిలో జారలేదు. చీలికలోంచి ముందు ముక్కు వచ్చింది, ఆ వెనక మనిషి.

మూడు నెలలకు నేను దిగిపోతుంటే ఆపరేటర్ చెయ్యి చాపాడు. అతనికి అక్కడ ఇంకా రెండు నెలల డ్యూటీ ఉంది. "ఆ కత్తి ఇచ్చిపోతావా?"

మంచుమీద పెట్టాను.

"చేతికివ్వలేనంత బరువా?"

"తీసుకో" అన్నాను. వంగి తీసుకున్నాడు.

ధర్మవరం స్టేషనులో నాయన నా ముఖం కన్నా ముందు నడుము చూశాడు.

"కత్తి యాడరా?"

అంతా చెప్పాను. మంచును రెండు తాటిచెట్ల ఎత్తు చేసి చెప్పాను. ఆయన అడిగింది ఒకటే.

"చేతికిచ్చినావా, కింద పెట్టినావా?"

"కింద పెట్టినా."

"సరే, నడువు." నా ట్రంకు తనే ఎత్తుకున్నాడు.

ఆపరేటర్‌ను మళ్లీ చూడలేదు. కళ్లు మూస్తే కనిపించేది, అతను కత్తి తీసుకున్నాక మంచులో మిగిలిన అచ్చు. ఆ గుడారం మీది మంచు నేను చెప్పినప్పుడల్లా పెరుగుతోంది. ఆ అచ్చు మాత్రం అప్పుడూ ఇప్పుడూ జానెడే.