పేరు పెట్టని డిజైన్లు

ఎమ్మిగనూరు నేతగాడు హనుమంతరాయుడికి చూపు మసకబారుతోంది. ఉన్న చూపంతా పోసి, కూతురు సాయిసుధ నేర్పిన కంప్యూటర్లో చీర అంచుల డిజైన్లు గీసిపెట్టుకున్నాడు. అవి నచ్చితే ఏడాదంతా పని ఇస్తానని ఒక షావుకారు మాటిచ్చాడు. మళ్ళీ గీయమంటే ఆయన వల్ల కాదు.

ఆ డిజైన్లు దాచే సాఫ్ట్‌వేర్ ఆదోనిలో సాయిసుధ పనిచేసే కంపెనీదే. ఒక గీత మార్చినా పాత రూపాన్ని కూడా భద్రంగా ఉంచుతుంది. అయితే పేరు పెట్టినవాటినే. పేరు లేనివాటిని నెల తిరిగేసరికి ఊడ్చేస్తుంది. కంపెనీ ముందే పెట్టి ఇచ్చే సెట్టింగ్ అది. ఇలాంటి సంగతులు తెరమీద జనానికి చెప్పే మాటలు రాయడమే సాయిసుధ ఉద్యోగం.

"పేరు పెట్టనివి నెల తర్వాత పోతాయి, తిరిగి రావు. వద్దనుకుంటే ఇక్కడ మార్చుకోండి" అని రాసింది. యజమాని శశికాంత్ దాన్ని అందరికీ చదివి వినిపించి పగలబడి నవ్వాడు.

"ఏంది సుధా, సావుకబురు మాదిరి రాసినావు? సదివినోడు పారిపోతాడు. మంచిగా సెప్పు."

మంచిగానే చెప్పింది. "మీకు సరిపోయే సెట్టింగ్ ముందే పెట్టాం. మీరేమీ చేయక్కర్లేదు." భేష్ అన్నాడు శశికాంత్. పొంగిపోయింది, పిచ్చిది! నేను రాసిందేనని తండ్రికీ చూపించుకుంది.

వాళ్ళింట్లో మగ్గం మీంచి మొదటి చీర దిగేదాకా డిజైనుకు పేరు పెట్టరు, దిష్టి తగులుతుందని. రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకు రాలేదా? వచ్చింది! నాయనకు నోటితో చెబుదాంలే అనుకుంది. ఆ మెప్పు మత్తులో మరిచేపోయింది.

ఆదివారం షావుకారు వచ్చాడు. హనుమంతరాయుడు తెరిచి చూపించబోతే తెరంతా ఖాళీ.

"ఏందప్పా రాయుడూ, గాలితో చీరలు నేస్తాండావా?" అని షావుకారు నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పోయిన డిజైన్లు తిరిగి తెప్పించమని సాయిసుధ శశికాంత్‌కు ఫోన్ చేసింది.

"పోతే రావని నీకు తెల్దా? ఆ మాటలు రాసింది నువ్వే కదా!" అని పెట్టేశాడు.

"నాయనా, ఆడ సెట్టింగ్ మార్చుకోవాల్సి ఉండె..." అంది సాయిసుధ.

"పేరు పెట్టనివి ఉంటాయో పోతాయో అని ఆ సెట్టింగ్ కాడికే పోయినాను తల్లీ. ఏమీ చేయక్కర్లేదని ఆడ నీ మాట కనపడె. నా బిడ్డ సెప్పినాక ఇంకేం చూసేదని మూసేసినాను."

కోపం లేదు ఆయనకు, అదే ఖర్మ. మౌసు ఆమె చేతిలో పెట్టి, మసకచూపుతో తెరకేసి వంగాడు.

"ఇప్పుడు యాడ నొక్కల్లో అదీ నువ్వే సెప్పు."