వెనక అద్దం

బస్సు బ్రేకు వేసినప్పుడల్లా మేమంతా ముందుకు తూలుతుంటే, నా పక్కనున్న పెద్దాయన మాత్రం గభాలున వెనక్కి తిరిగి చూసేవాడు.

సత్తెనపల్లి షెడ్డులో ఉన్న మా కారు కోసం గుంటూరులో కొన్న బ్రేకు డిస్కులు నా ఒళ్లో ఉన్నాయి. అట్టపెట్టె చూసి ఏమిటని అడిగాడు.

“పెద్ద డిస్కులండి. కారుతో వచ్చిన బ్రేకులు చాలట్లేదు. ఇంటిల్లిపాదీ తిరిగే బండి కదా.”

“నేనూ వేయించానండి. కాలు పెడితే చాలు, అక్కడికక్కడే ఆగేది.”

“మంచిదేగా!”

“మంచిదే. గేదె అడ్డమొస్తే ఠక్కున ఆగింది. నా వెనక మిరపకాయ బస్తాలేసుకుని ట్రాక్టరు వస్తోంది. దాని వెనక తగిలించే ట్రక్కుకి బ్రేకులెక్కడుంటాయండీ?”

అక్కడితో ఆపేశాడు. ఆ రోజు కారు వెనక సీట్లో ఎవరున్నారని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇంతలో బస్సు మళ్లీ బ్రేకు వేసింది. ఈసారి ఇద్దరం వెనక్కి తిరిగాం. బస్సు వెనక అద్దం నిండా పత్తి లారీ. దాని డ్రైవరు ఫోనులో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. లారీ ఆగేదాకా పెద్దాయన నా మోచెయ్యి వదల్లేదు. తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

డిస్కులు వేయించాను. బ్రేకులు బాగా పడుతున్నాయి. పడిన ప్రతిసారీ నా కళ్లు వెనక చూపించే అద్దంలోకే పోతాయి. వెనక ఏ బండి వస్తోందో చూద్దామంటే, మొదట కనపడేది వెనక సీట్లో నిద్రపోతున్న మా పిల్లలిద్దరి తలలే.