వచ్చేవాళ్ళ కోసం మగ్గాలాపిన రోజు

ఎమ్మిగనూరులో మా వీధిలోకి పొద్దున పూట బండి రావాలంటే మా పెదనాయన దయ ఉండాలి. ఆ వేళకు నేతవాళ్ళంతా పడుగు దారాలను వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతుంటారు. అవి ఆరేదాకా ఎంతటివాడైనా చుట్టు తిరిగి పోవాల్సిందే.

మా మేడ మీద అద్దెకు దిగిన విశాఖపట్నం టీచరమ్మ మొదటి వారమే మొత్తుకుంది. "ఇదేం వీధండీ బాబూ! తెల్లారకుండానే మగ్గాల టకటక, తలుపు తీస్తే దారాలు!" ఆ మాట వీధంతా పాకింది. బయటివాళ్ళకు మన పద్ధతి పడదని అందరికీ గట్టిగా నాటుకుంది.

ఇంతలో బెంగళూరు నుంచి కొందరు మా నేత చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అబ్బ, ఇక చూడండి హడావుడి! వాళ్ళకు నచ్చితే మళ్ళీ వస్తారు, ఇంకొందరిని తెస్తారు, మా బట్టకు ఊళ్ళోనే గిరాకీ ఉంటుంది. ఇన్నాళ్ళూ బట్ట అమ్ముడుపోక విసిగిపోయిన పెదనాయన మాత్రం తేల్చి చెప్పేశాడు.

"ఈ తూరి కూడా కుదరకపోతే నేను మగ్గం పీకేస్తానప్పా. నా వల్ల కాదు."

అందుకని ఏ లోటూ రాకూడదని అందరం కలిసి మహా తెలివిగా ఆలోచించాం. వీధి కడిగాం, షామియానా వేశాం, బేకరీ పఫ్‌లు తెప్పించాం. దారికి అడ్డమని పడుగు వేయలేదు. చెవులకు ఇబ్బందని మగ్గాలన్నీ ఆపేశాం!

వాళ్ళు ఆదోనిలో రైలు దిగి, బస్సు మాట్లాడుకుని పొద్దున్నే వచ్చారు. కుర్చీల్లో కూర్చుని, పఫ్‌లు తిని, అటూ ఇటూ చూశారు. చివరికి కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ అడిగింది.

"అన్నీ బాగున్నాయి. నేసేది ఎక్కడ?"

పెదనాయన మొహం పాలిపోయింది. నాకైతే ఆయన్ని చూసి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే మేడ మెట్ల మీద దడదడ చప్పుడు. టీచరమ్మ జుట్టు ముడేసుకుంటూ పరుగున దిగింది.

"ఇవాళ మగ్గాలు ఎందుకు ఆపారండీ? ఆ చప్పుడు లేక నాకు మెలకువే రాలేదు! స్కూలుకు ఆలస్యమైపోయింది!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. పెదనాయన పొట్ట పట్టుకుని నవ్వి, పంచె ఎగగట్టాడు.

"పీకండప్పా ఆ షామియానా! పడుగు తీసుకురాండి!"

తీరా లాగి పట్టడానికి మావాళ్ళు చాల్లేదు. సగం మంది ముసలివాళ్ళే. వచ్చినవాళ్ళే చెప్పులు విడిచి తలా ఒక చెయ్యి వేశారు. పెద్దావిడ మోచేతుల దాకా గంజి పూసుకుని, కుంచె ఎలా లాగాలో పెదనాయన చేత నాలుగు తిట్లు తిని మరీ నేర్చుకుంది. దారాలు అడ్డమై వీధిలోనే ఇరుక్కున్న వాళ్ళ బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"పడుగు ఆరాల్లేన్నా! ఎండను తోసుకొని రాలేం కదా!" అని పెదనాయన అరిచాడు.

మధ్యాహ్నం బయల్దేరుతూ పెద్దావిడ అడిగింది, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"ఎప్పుడైనా రాండమ్మా. పడుగు పట్టేకి మనుషులు సాలక సస్తాండాం."

పెదనాయన తమాషాకి అన్నాడనుకుని ఆమె పకపకా నవ్వింది. కానీ మరుసటి నెలలో నలుగురిని వెంటబెట్టుకుని దిగింది. పెదనాయన ఆమెను బాగున్నారా అని కూడా అడగలేదు, కుంచె తెచ్చి చేతిలో పెట్టాడు.