వారపత్రికలో వేసిన బొమ్మ

ఊరు వెలేసిన ఆడమనిషి కథ ఎక్కడ కనబడినా నాకిప్పుడు చదవబుద్ధి కాదు. పేజీ తిప్పేస్తాను. అలాంటి కథ నేనూ ఒకటి రాశాను.

అవి బళ్లలో మధ్యాహ్న భోజనం కొత్తగా మొదలైన రోజులు. ఇల్లందు నుంచి బస్సెక్కి, టేకులపల్లి దాటి, అడవి అంచు ఊళ్లో పాఠాలు చెప్పేదాన్ని. మా బడిలో వంట చేసేది ఒక ఒంటరి మనిషి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పొరుగింటి పిల్లకు జ్వరం ఎంతకీ తగ్గకపోతే, ఈమే చేతబడి చేసిందన్నారు. దవాఖానాకు తీసుకెళ్తే జ్వరం తగ్గింది. మాట మాత్రం తగ్గలేదు. నలుగురు తల్లులు మధ్యాహ్నం గంట కాగానే పిల్లల్ని ఇంటికి పిలుచుకుపోవడం మొదలుపెట్టారు. పిల్లలు తినకపోతే ఆమెకు ఆ పని ఉండదు. వేరే ఆధారమూ లేదు.

"నువ్వు జెప్తె ఆళ్లు ఇంటరు, టీచరమ్మా. జర ఆళ్లకు జెప్పు," అని బతిమాలింది.

"చెప్తాలే అక్కా" అన్నాను. చెప్పలేదు. కథ రాశాను. నలుగురి గుమ్మాల్లో నిలబడి మాటలు పడడం కంటే అది సులువు. అంతకుముందు నేను చదివిన కథల్లో ఊరంతా దుర్మార్గం, ఆమె ఒక్కతే మంచిది, చివర్లో చదువుకున్న వాళ్లెవరో వచ్చి ఆదుకుంటారు. నాదీ అదే దారి. వారపత్రికలో అచ్చయింది. కళ్లు చెమర్చాయని ఉత్తరాలొచ్చాయి. నేను పొంగిపోయాను.

అక్కకు మాత్రం గోరుచుట్టు మీద రోకటి పోటే. కథకు బొమ్మ వేసినాయన జుట్టు విరబోసి, పెద్ద బొట్టు పెట్టి, పొగలో మంత్రగత్తెను గీశాడు. అక్కకు ఉన్నట్టే ఎడమ చెంప మీద తెల్లమచ్చతో సహా. కథకు ప్రాణం రావాలని ఆ మచ్చ రాసింది నేనే. గొప్ప కోసం పత్రికను బడికి తెచ్చిందీ నేనే. అక్కడి నుంచి అది ఇంటింటికీ తిరిగింది. అక్షరం రానివాళ్లు కూడా బొమ్మ చూసి ఆమెను పోల్చుకున్నారు. పేపర్లో కూడా వేశారంటే ఇక అనుమానమేముంది అన్నారట.

వారం తిరక్కుండా పిల్లలందరూ తినడం మానేశారు. అప్పుడు పరిగెత్తాను గుమ్మం గుమ్మానికీ. కథలో ఉన్నది అది కాదు మొర్రో అంటే, ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే రాసినవ్ గద, మల్ల నువ్వే కాదంటవేంది?"

వంట ఇంకొకరికి ఇచ్చారు. గిన్నెలు అప్పజెప్పడానికి వచ్చిన రోజు అక్క నా బల్ల ముందు నిలబడింది.

"కథంత మా చెల్లె బిడ్డతోని సదివించుకున్న. అండ్ల టీచరమ్మ నా పక్కన కూసొని నా చేతి బువ్వ తింటది గద?"

"అవునక్కా."

"నువ్వెప్పుడన్న తిన్నవా?"

తినలేదు. ఆమె వండిన రెండేళ్లలో ఒక్క పూట కూడా తినలేదు. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని ఆఫీసు గదిలో తినేదాన్ని. బయటి తిండి పడదని అందరితో అన్నట్టే ఆమెతోనూ అన్నాను.

"రోజు పిల్లల నడుమ కూసొని ఇంత తినుంటే, సూసి ఆళ్లూ తినేటోళ్లు. గంతే గావాలె నాకు. కథెందుకు?" అని వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే అదీ కథే అవుతుంది. ఆ మధ్యాహ్నం కూడా నేను క్యారేజీ విప్పుకుని తిన్నాను.