ఎవరూ రాని అరగంట

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో, గోపన్‌పల్లిలోని ఒక పునరావాస కేంద్రంలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేరాను. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు అక్కడ కొన్ని వారాలుండి మళ్లీ నడక నేర్చుకుంటారు. అలాంటి చోట పడిపోవడమంటే కథ మళ్లీ మొదటికి రావడమే. అందుకే ఎవరు పడినా వెంటనే ఘటన పత్రం రాయాలి: ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. కింద సంతకం నాది.

మూడో అంతస్తులో నర్సింలుగారని బోరబండ ఆయన ఉండేవారు. డెబ్బై దాటాయి. జీడిమెట్లలో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. బెల్ నొక్కి, నర్సు వచ్చాకే మంచం దిగాలని ఆయనకు చెప్పాం. ఒకరోజు పొద్దున ఒంటరిగా లేచి బాత్రూం గుమ్మంలో పడ్డారు. మోకాలు దోక్కుపోయింది. ‘ఎందుకు’ అన్న చోట, ‘సూచనలు పాటించలేదు’ అని రాశాను. వారం తిరక్కుండా మళ్లీ పడ్డారు. ఈసారి కుడి మణికట్టు విరిగింది. వాకర్ పట్టుకోవలసిన చెయ్యి అది. నడక శిక్షణ ఆగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అదే వాక్యం రాశాను.

మా మేనేజర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు. మంచానికి సెన్సార్ పెడితే లేవగానే అలారం మోగుతుందన్నాడు. పెట్టించాడు. పెద్దాయన పక్కకు ఒత్తిగిలినా అది మోగేది. రెండోరోజుకే సిబ్బంది విసిగిపోయి ఆపేశారు. తర్వాత గోడలకు ఇంగ్లిషు పోస్టర్లు అంటించాడు. నర్సింలుగారికి తెలుగు చదవడమే అంతంతమాత్రం.

ఆయన కూతురు లక్ష్మి ఒక ఐటీ ఆఫీసు క్యాంటీన్‌లో సూపర్‌వైజరు. డ్యూటీకి పోతూ రోజూ పొద్దున్నే వచ్చేది. మీ నాన్నగారు బెల్ కొట్టమన్నా కొట్టరమ్మా, అని ఆమె మీద విసుక్కున్నాను.

“కొట్టకేంది మేడం? నా ముంగటనే మూడుసార్లు కొట్టిండు. ఒక్కరన్న వచ్చిన్రా? ఎంతసేపని ఆపుకుంటడు?”

నేను నమ్మలేదు. మర్నాడు ఏడింటికే వెళ్లి ఆయన గదిలో కూర్చున్నాను. ఏడూ నలభైకి ఆయన బెల్ నొక్కారు. గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. వరండాలో మనిషి అలికిడి లేదు. మళ్లీ నొక్కారు. కాసేపు చూసి, “జర జల్ది పోవాలె మేడం” అంటూ కాళ్లు కిందికి దించారు. ఆ ముఖంలో మొండితనం లేదు, అవస్థ ఉంది. చటుక్కున లేచి పట్టుకున్నాను.

బాత్రూం నుంచి తీసుకొస్తూ, అందరూ డ్యూటీ అప్పగింతలో ఉన్నారండీ, అన్నాను.

“అందరా?” అన్నారు ఆశ్చర్యంగా. “మా బాయిలర్ కాడ అవతలోడు వచ్చి నిలబడేదాక ఇవతలోడు కదిలేది లేకుండె.”

రాత్రి షిఫ్టువాళ్లు పొద్దుటివాళ్లకు రోగుల సంగతులు చెప్పే అరగంట అది. ఆయాలతో సహా అందరూ లోపలే ఉండాలి, తలుపు వేసుకోవాలి అని చేరిన మొదటి వారంలో నేనే ఆర్డరు వేశాను. దానికి తోడు, ఒంట్లో నీరు తీసే మాత్రను రాత్రి నర్సు తన పని తెముల్చుకోవడానికి ఆరున్నరకే వేసేస్తోంది. గంట తిరిగేసరికి ఆయనకు తొందర. సరిగ్గా అప్పుడే మేం తలుపు వేసుకుంటున్నాం.

పాత పత్రాలు రెండూ తీశాను. రెండింటిలోనూ టైము ఏడున్నర, ఎనిమిది మధ్య. రాసింది నా చెయ్యే.

డాక్టరుతో మాట్లాడి మాత్రను టిఫిన్ తర్వాతకు మార్పించాను. ఇద్దరు ఆయాలను అప్పగింతకు పిలవకుండా బెల్లు చూసుకోవడానికి వరండాలోనే ఉంచి, అంతకుముందే గది గదికీ వెళ్లి అడిగి బాత్రూంకు తీసుకెళ్లే పని పెట్టాను. దీన్ని డ్యాష్‌బోర్డులో ఎలా చూపించాలని మేనేజర్ అడిగాడు. చూపించకండి, అన్నాను.

తప్పు మాదేనని తండ్రీకూతుళ్లకు చెప్పాను. “గా మాట చెయ్యి ఇరగకముందు అనుంటే బాగుండు” అంది లక్ష్మి. మణికట్టు కొంచెం వంకరగానే అతికింది. అనుకున్నదానికి రెండు నెలలు ఆలస్యంగా, మోచెయ్యి ఆనించే వాకర్‌తో ఆయన ఇంటికి వెళ్లారు.

ఆ తర్వాత అక్కడ పడిపోవడాలు తగ్గాయి కానీ ఆగలేదు. నేను రిటైరయ్యేదాకా ఒక్క పద్ధతి మాత్రం వదల్లేదు. రోగి పడిన నిమిషంలో సిబ్బందిలో ఎవరెవరు ఎక్కడున్నారో రాయకుండా, ‘సూచనలు పాటించలేదు’ అని రాసి తెచ్చిన పత్రం మీద సంతకం పెట్టలేదు.