నాలుగు పచ్చబొట్టు చుక్కలు

నా మాటల్లో సగం కోతలేనని మా వాడలో కుక్కలకు కూడా తెలుసు. ఉట్నూరు అడవిలో దారి తప్పిన పులిని వాగు దాకా సాగనంపి వచ్చానని చెప్పినవాణ్ని నేనే. కానీ ఈ ఒక్కటి మాత్రం కంచం ముందు కూర్చుని, అన్నం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ప్రతి అక్షరం నిజం. మొన్న మూత్రపిండంలో రాయి ఉందని దవాఖానకు పోతే, మీసాలు కూడా సరిగా రాని కుర్ర డాక్టరొకడు నా నడుము పక్కన ఊదారంగు కలంతో గీత గీసి, "రేపటిదాంక నీళ్లు తాకనియ్యకు తాతా" అన్నాడు. తాత అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆ ఊదారంగును చూస్తూ, చొక్కా తొడుక్కోవడం కూడా మరిచి, బల్ల మీద అట్లాగే కూర్చుండిపోయాను.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. మా బాపు పోయాక నేనూ, మేం అవ్వ అని పిలిచే మా అమ్మా బెల్లంపల్లిలో అక్కవాళ్ల కంపెనీ క్వార్టర్లోనే ఉండేవాళ్లం. బావ బొగ్గుబాయిలో దిగేవాడు. ఎంత రుద్దుకున్నా కళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. "మా బాపు కాటుక పెట్టుకుంటడు" అని అక్క బిడ్డ అందరికీ చెప్పేది. దానికి ఐదేళ్లు. ఒకనాడు నీళ్లు పోస్తూ అవ్వ దాని కడుపులో ఎడమవైపు గట్టిగా ఏదో తగిలిందంది. బల్ల, అంటే ప్లీహం, పెరిగిందనుకుని వాతలు పెట్టించబోయారు. కంపెనీ డాక్టరు చూసి, వాతలు కాదు, వెంటనే హైదరాబాదు పొమ్మన్నాడు. అక్కడి పెద్ద దవాఖానలో గడ్డను కోసి తీశారు. మిగిలిన వేర్లు మాడిపోవాలంటే చాలా వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. ఆ రోగం పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. "గా రోగం" అనేవాళ్లం, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనన్నట్టు.

బావకు సెలవు దొరకదు కనుక మగతోడుగా నేనే పోయాను. దవాఖాన దగ్గరే చిన్న గది తీసుకున్నాం. దారి పొడుగునా పిల్లను మరిపించడమే నా ఉద్యోగం. ఈ రైలు నడిచేది మీ బాపు తవ్విన బొగ్గుతోనే అని చెప్పాను. అది నమ్మి, టికెట్లు చూడవచ్చిన ఆయన్ని పట్టుకుని, "బొగ్గు మాది. నువ్వెవరు అడుగుటానికి?" అంది. ఆయన టోపీ తీసి దండం పెట్టాడు. దవాఖానలో డాక్టరు దాని కడుపు మీద ఊదారంగు సిరాతో అరచేయంత చౌకం గీశాడు. కరెంటు ఆ చౌకంలోనే పడాలి, గీత చెరగనీయొద్దు అన్నాడు.

దసరా సెలవులకు కరెంటు పెట్టే గది మూశారు, ఇంటికి వచ్చాం. నీళ్లు తాకనియ్యకని అక్క అవ్వతో చెప్పింది. కోసిన కుట్టుకు తాకొద్దనుకుంది అవ్వ. సద్దుల బతుకమ్మనాడు పిల్లకు తలంటకుండా ఎట్లా ఉంటుంది? కుట్టు మీద గుడ్డ మడిచి పెట్టి, ఒక్క చుక్క పడకుండా కాపాడి, మిగిలిన ఒళ్లంతా సున్నిపిండితో నలిచింది. అక్క తంగేడు పూలతో వచ్చి చూసేసరికి పిల్ల కడుపు అద్దంలా ఉంది. డాక్టరు మళ్లీ ఫోటోలు తీయించి, కొలతలు వేసి, కొత్త చౌకం గీసేదాకా కరెంటు ఆగిపోయింది. ఆగినన్నాళ్లు లోపల ఏం పెరుగుతున్నదో ఎవరికి తెలుసు? అక్క అవ్వతో మాట మానేసింది.

దీపావళికి మళ్లీ వచ్చాం. అవ్వ పిల్లను ముట్టుకోవడానికే భయపడింది. చెమటకు కూడా గీత పోతుందేమోనని విసనకర్రతో విసురుతూ కూర్చుంది. బావ పక్కన కూర్చుని అన్నం తింటుంటే ఆయన ముంజేతి మీద నీలంగా ఉన్న పాత గాయాన్ని చూసింది. బాయిలో తగిలిన దెబ్బలో బొగ్గుపొడి ఉండిపోయి, మీద తోలు మూసుకుంటే అట్లా అవుతుంది. "గిది ఎన్నేండ్లయినా పోలే కద అల్లుడా?" అని అడిగింది. "చచ్చినా పోదు అత్తమ్మా" అన్నాడు బావ.

మర్నాడు అక్క నిద్ర లేవకముందే అవ్వ పిల్లను నా చంకకెత్తి అంగడికి నడిపించింది, పచ్చబొట్లు పొడిచే ముసలామె దగ్గరికి. చౌకం నాలుగు మూలలా నాలుగు చుక్కలు పొడవాలంది. ముసలామె పెదవి విరిచింది. "వట్టి చుక్కలేం బాగుంటయ్? నడుమ తేలు పొడుస్త, ఊకెనే, పైసలొద్దు."

"డాక్టరు తేలు రాయలే" అంది అవ్వ.

"నాకు నెమలి కావాలె" అంది పిల్ల. సూది దిగాక నెమలి మాట మరిచిపోయింది. కాళ్లు నేను పట్టుకున్నాను.

అక్క చూసి నెత్తి కొట్టుకుంది. "నా బిడ్డను గోడ అనుకున్నవా అవ్వా, మొలలు కొట్టుటానికి?" అంది. ఈసారి అవ్వ కూడా మాతో రైలెక్కింది.

డాక్టరు చుక్కలను వేలితో తడిమి చూశాడు. సూదితో చీము పట్టి ఉంటే, రక్తం లేని ఈ పిల్ల దక్కేది కాదమ్మా అన్నాడు. తర్వాత స్కేలు పెట్టి కొలిచాడు. మూడు చుక్కలు సరిగ్గానే ఉన్నాయి, నాలుగోది అరంగుళం జరిగింది. "గది పొడిచేటప్పుడు పిల్ల మెసిలింది సారూ" అంది అవ్వ, నేరం ఒప్పుకున్నట్టు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. మూడు చుక్కలను నమ్మి, నాలుగో మూల సిరాతో గీశాడు. కరెంటు మళ్లీ ఒక్కనాడు కూడా ఆగలేదు. ఆఖరి రోజున అక్క, "దా అవ్వా, చాయ తాగుదాం" అంది. అంతే, మాటలు కలిశాయి.

పిల్ల పెద్దదైంది. జమ్మికుంటలో ఇచ్చాం, ఇద్దరు పిల్లలు. ఒళ్లు పెరిగేకొద్దీ చుక్కలు ఒకదానికొకటి దూరం జరిగాయి. అరచేయంత చౌకం ఇప్పుడు రెండు చేతులు కలిపి పెట్టినా మూయనంత అయింది.

అన్నం మీద పెట్టిన చెయ్యి ఇక తీస్తాను. జమ్మికుంట అబద్ధం. పిల్లలు అబద్ధం. మరుసటి ఎండాకాలానికి ఆ రోగం దాని ఊపిరితిత్తుల్లోకి పోయింది, పిల్ల దక్కలేదు. తర్వాత చాలా ఏళ్లు, సాయంత్రం గడపలో కూర్చుని అవ్వ నన్ను అడిగేది, "ఇప్పుడెంత దూరం జరిగినయ్ రా చుక్కలు?" అని. ఏడాదికింత చొప్పున వేళ్లు ఎడంగా జరిపి చెప్పేవాణ్ని. మా మాటల్లో దానికి పెళ్లి చేసింది కూడా అవ్వే, జమ్మికుంట సంబంధమైతే మంచిదని. ఆమె పోయింది, అడిగేవాళ్లు లేరు. అయినా ఏడాది తిరిగేసరికి నా వేళ్లు వాటంతటవే గాలిలో కొంచెం ఎడంగా జరుగుతాయి, కాలం చేయకుండా వదిలేసిన పని ఎవరో ఒకరు చేయాలన్నట్టు.